అంగుళం బాబాయి ఆఖరి కొలత

చక్రం మధ్య బొడిపె మీద కొలబద్ద ఆనించి, ఎడమ కన్ను మూసి, చక్రం పైనున్న రేకు అంచు దాకా చూశాడు అంగుళం బాబాయి. నాలుగు చక్రాల దగ్గరా అలాగే కూలబడి చూశాడు. చొక్కా జేబులోంచి పెన్ను తీసి ఎడమ అరచేతిలో నాలుగు అంకెలు వేసుకున్నాడు. కాగితాలైతే ఎక్కడో పడిపోతాయి, చెయ్యి ఎక్కడికి పోతుందని ఆయన ధీమా.

ముప్పై నాలుగేళ్లుగా ఈ షెడ్డులో బండ్ల కింద వెల్లకిలా పడుకున్న మనిషి. ఇవాళ్టితో సరి. ఆ ఎడమచేతి బొటనవేలికి గోరు లేదు, ఎప్పుడో బిగింపు జారి ఎగిరిన స్ప్రింగు పట్టుకుపోయింది. మాట్లాడితే "అంగుళం తేడా ఉందండీ" అనడంతో అసలు పేరు మరుగున పడి అంగుళం మిగిలింది. పెళ్లైన కొత్తలో మంచం కోడు కింద అట్టముక్క పెట్టి సమం చేసేదాకా నిద్రే పోలేదట. భార్య ఇప్పటికీ ఆ సంగతి చెప్పి నలుగురినీ నవ్విస్తుంది.

ఇన్నేళ్లలో ఆయన మాటను కాదన్నవాళ్లు లేరు. అసలు అడిగితే కదా కాదనడానికి! ఏ బండికి ఏ స్ప్రింగులన్నది ముందు గదిలో కుర్చీలో కూర్చున్నవాళ్లు తేల్చేవారు. చేతికిచ్చినవి ఈయన బిగించేవాడు. తప్పని తెలిసి కూడా బిగించినవి ఎన్నో, అవన్నీ ఆయనకు గుర్తే.

ఇవాళ్టిది నాలుగు చక్రాలూ లాగే ఎత్తైన బండి. తెచ్చినావిడ నర్సు. కొండమీద మట్టిదారి చివర ఇల్లు, ఇలాంటి బండి లేకపోతే వానల్లో ఇల్లు చేరడం కల్ల. ఆ ఎత్తే వాళ్లమ్మకు గండమైంది. తుంటికి ఆపరేషనైన దగ్గర్నుంచి ఆవిడ ఎక్కాలంటే కింద నీలం ప్లాస్టిక్ స్టూలు, వెనక నుంచి ఇద్దరి తోపుడు. బట్టలు కుట్టి ముగ్గురు పిల్లల్ని పైకి తెచ్చిన మనిషి, వీధంతా చూస్తుండగా ఆసుపత్రికి తప్ప ఎక్కడికీ బస్తాలా ఎత్తించుకోనని భీష్మించుకు కూర్చుంది. ఊరవతల ఉన్న సొంత అక్కను చూసి ఎనిమిది నెలలైంది. కూతురు కాళ్లావేళ్లా పడితే ఇవాళ వచ్చింది. "ఇదే ఆఖరు. కుదరకపోతే ఇక బండి మాటెత్తకు," అని దారిలోనే తేల్చేసింది.

చిన్న ఓనరు అరలోంచి మూడు స్ప్రింగుల పెట్టెలు దించాడు. ఒకటి బండిని ముప్పై మిల్లీమీటర్లు దించేది, ఒకటి నలభై, ఒకటి యాభై.

"యాభై వేసేద్దామండీ. ఎంత కిందికుంటే పెద్దావిడకి అంత సుఖం. బండి కూడా దర్జాగా కనబడుతుంది."

నర్సు తలూపబోయింది. బాబాయి గొంతు సవరించుకున్నాడు. స్ప్రింగుల ఎంపిక దగ్గర ఆ సవరింపు ఎప్పుడూ మాటదాకా వచ్చింది కాదు. ఇవాళ వచ్చింది.

"ఆగు బాబూ. అమ్మగారిని కొలవందే ఎలా?"

"మనిషిని కొలవడమేంటి బాబాయ్? జాకెట్టు కుట్టిస్తున్నామా?"

బెంచీ మీదున్న పెద్దావిడ చటుక్కున తలెత్తింది.

"అమ్మా, ఇంట్లో ఏ కుర్చీలోంచి మీ అంతట మీరు లేవగలరు?" అడిగాడు బాబాయి.

"కుట్టుమిషను దగ్గర కుర్చీ. యాభై అయిదు సెంటీమీటర్లు," ఆవిడ తడుముకోలేదు.

"ఇందాకే కొలిచాను, బండి సీటు యాభై ఎనిమిదిన్నర ఉంది. అంటే ముప్పై అయిదు మిల్లీమీటర్లు దిగాలి. యాభై దించామనుకోండి, కూర్చోవడం హాయిగా కూర్చుంటారు. లేవడానికి మళ్లీ ఇద్దరు కావాలి. మట్టిదారిలో బండి పొట్ట గీసుకుంటుంది. చక్రాలను తిప్పే కడ్డీలు వంకరగా తిరిగి అరిగిపోతాయి."

"ముప్పై అయిదు లేదుగా. నలభై వేసెయ్."

"ముప్పై వేస్తాను."

"తక్కువైపోదూ?"

"కొత్త స్ప్రింగు బరువు పడ్డాక ఇంకో అయిదు దిగి కూర్చుంటుంది బాబూ."

ఓనరు పెదవి విరిచాడు. పెద్దావిడ కల్పించుకుంది.

"ఉతికితే కుంచించుకుపోయే గుడ్డని మేమూ వదులుగానే కత్తిరిస్తాం. మొదటిరోజు మూతి ముడిచినావిడే ఉతికాక వచ్చి మెచ్చుకుంటుంది. ఆయన చెప్పినవే వెయ్యండి."

బాబాయికి గుండె నిండిపోయింది. మధ్యాహ్నం భోజనం మాట కూడా మర్చిపోయి పని చేశాడు. బండి గాల్లో వేలాడుతుండగా మరలు సగమే బిగించాడు. కిందికి దించి, సీట్లలో ఇసుక బస్తాలు వేసి, ఆ బరువుతో బండి నేల మీద నిలబడ్డాకే పూర్తిగా బిగించాడు. ఆ బస్తాలతోనే వెనక సందు గుంతల్లో గంటసేపు తిప్పి తెచ్చాడు. బస్తాలు దింపి సీటు కొలిచాడు. యాభై అయిదు! కళ్లు నులుముకుని మళ్లీ కొలిచాడు. వెంట్రుకవాసి తేడా లేదు.

పెద్దావిడ బెంచీ మీద నుంచి లేచి వచ్చింది. కూతురు అలవాటుగా స్టూలు అందుకోబోతే, "తప్పుకో," అంది. బండికి వీపు తిప్పి కూర్చుంది. ఒక కాలు, తర్వాత రెండో కాలు లోపలికి తీసుకుంది. మళ్లీ దిగింది. మళ్లీ ఎక్కింది. మూడోసారి దిగి ఎక్కేసరికి షెడ్డులో ఉన్నవాళ్లంతా చేతిలో ఉన్న పానాలతో రేకులు వాయించారు. నర్సు కొంగుతో ముఖం దాచుకుని ఏడ్చేసింది.

"ఏడుపెందుకే? బండి పోనియ్, అక్క ఇంటికి."

"ముందు ఇంటికెళ్లి కాస్త..."

"అక్క ఇంటికన్నానా!" కిటికీలోంచి బాబాయి వంక చూసింది. "నా కొలత తప్పిందన్నవాళ్లు ఇంతవరకూ లేరు. మీ చెయ్యీ అలాంటిదే."

బండి కదిలాక ఓనరు కేకేశాడు. "అమ్మా, మీ స్టూలు!"

లోపలి నుంచి ఒక చెయ్యి బయటికొచ్చి, వద్దన్నట్టు ఊగింది.

అయిదింటికి బాబాయి నూనె చొక్కా మేకుకు తగిలించి కుళాయి దగ్గరికి వెళ్లాడు. కుడిచెయ్యి సబ్బుతో రుద్ది కడుక్కున్నాడు. ఎడమ అరచెయ్యి మాత్రం తడపలేదు, ఇంటావిడకి చూపించాలి.

"బాబాయ్, రేపు కూడా రాకూడదూ?" అన్నాడు చిన్న ఓనరు, నేల చూస్తూ.

"రేపెక్కడ బాబూ, మా మంచం మళ్లీ ఒరిగిందట," అని నవ్వి, గేటు దాటి, బస్సుల వైపు నడిచాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

బెంచీ పక్కన ఆ నీలం స్టూలు అలాగే ఉంది, ఎనిమిది నెలల చెప్పుల మట్టితో.