నిమ్మకాయంత గురుడు

ఆ తెల్లవారుజామున తూర్పున రెండు చుక్కలు అతుక్కుని లేచాయి.

మధ్యలో గోరు దూరే సందు కూడా లేదు. ఒకటి పెద్దది, తెల్లగా మండుతోంది. రెండోది దానికంటే చిన్నది, కాస్త పసుపు. వాటి పైన అరిగిపోయిన కొడవలిలా చంద్రుడు.

గాలి లేదు. దొడ్డిలో గొర్రెలు ఒకదాని పొట్ట కింద ఒకటి తలలు దూర్చుకుని పడుకున్నాయి.

ఇదంతా తర్వాత పిల్లలు చెప్పిన మాట. నేను తల ఎత్తలేదు.

మూడేళ్ళుగా ఎత్తలేదు.

దొడ్డి గుంజకు నా టైంపీసు వేలాడుతూ ఉంటుంది. నాలుగున్నరకు గణగణమంటుంది. మర్రిపాడు చుట్టుపక్కల ఇన్ని మందలున్నాయి, టైంపీసు చూసి లేచేవాణ్ణి నేనొక్కణ్ణే. "గొర్రెలకి డ్యూటీ ఉండాదా పెంచలయ్యా? ఏ బస్సుకి పోవాల అవి?" అని నవ్వుతారు.

నవ్వనీ.

ఆ రోజు బడికి ఆఖరి దినం. మరునాటి నుంచి ఎండాకాలం సెలవులు. యేసుబాబు సార్ ముందురోజు కూతురితో సహా ఆత్మకూరు బస్సెక్కకుండా బడి అరుగు మీదే పడుకున్నాడు. పిల్లలందర్నీ చీకటితోనే కళ్ళంలోకి రమ్మన్నాడు. కళ్ళం మా దొడ్డి పక్కనే.

పిల్లలు వచ్చారు... దుప్పట్లు కప్పుకుని, ఆవలిస్తూ, ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుకుంటూ. పద్నాలుగు మంది. అలవాటు కొద్దీ లెక్కపెట్టుకున్నాను.

అందరికంటే ముందు శ్వేత. మా తమ్ముడు మాల్యాద్రి కూతురు. తొమ్మిదేళ్ళది. నాయన నడకే దానికి. ఎప్పుడూ ముందుపడి నడుస్తుంది.

"అద్దో, ఆ పెద్దది శుక్రుడు," అన్నాడు సార్. "మన పెద్దోళ్ళు వేగుచుక్క అంటారే, అది. చుక్క కాదు మే అది, గ్రహం. మన భూమి మాదిరే ఇంకొకటి. సొంత వెలుగు లేదు. సూర్యుడి వెలుగే అద్దంలో మాదిరి మనకి కొడతా ఉండాది."

"మరి పక్కది సార్?"

"గురుడు. గ్రహాల్లో అందరికన్నా పెద్దోడు. దూరాన ఉండాడు, అందుకే చిన్నగా అగపడతాడు. ఈ పొద్దు ఇద్దరూ ఒకచోట చేరినారు. రేపట్నించి గురుడు రోజురోజుకీ ముందు లేస్తాడు. ఆషాఢానికి నడిరేత్రికే లేచి కూసుంటాడు."

"అప్పుడు గుడ్డిగా చూసినోళ్ళు దాన్నే వేగుచుక్క అనుకుంటారు గదా సార్?" అంది సుధారాణి.

"అనుకుంటే ఏముందీ? నడిరేత్రి లేచి పళ్ళు తోముకుంటారు!"

పిల్లలు విరగబడి నవ్వారు.

శ్వేత కూడా నవ్వింది.

కాసేపటికి నవ్వు ఆపింది. దొడ్డివైపు తిరిగింది. చీకట్లో నేను ఎక్కడున్నానో దానికి తెలుసు.

నేను గొర్రెల మధ్య వంగి కూర్చున్నాను. ఏదో వెతుకుతున్నట్టు.

*

మూడేళ్ళ కిందట... శివరాత్రి వెళ్ళిన మూడో రోజు.

పెన్న కింద, సంగం చుట్టూ వరికోతలు అయ్యే కాలం. మా మెట్ట మందలన్నీ అప్పుడు ఆ పక్కకు దిగుతాయి. కోసిన మళ్ళలో రాత్రికి మందను ఆపితే మడికి ఎరువు, మాకు వడ్లు. మా తాత దిగాడు. మా నాయన దిగాడు. మేమూ.

ఊరి నుంచి డొంక పట్టి తారురోడ్డుకు పదహారు వందల అడుగులు. వేగుచుక్క పొడవగానే లేచి మందను కదిలిస్తే, రోడ్డు తగిలేసరికి వెలుగు వస్తుంది. బద్వేలు నుంచి వచ్చే లారీవాళ్ళకు మంద కనపడుతుంది. అదీ లెక్క. అది తప్పకూడదు.

ఆ ఏడు పుష్యమాసంలో రెండు చుక్కలు కాడికి కట్టిన ఎడ్లలా పక్కపక్కనే లేచేవి. చూశాను. ఆ తర్వాత నాకు జ్వరం పట్టింది. నెల రోజులు గొంగడి కిందే. ఆకాశం ఎటు తిరిగిందో చూడలేదు.

లేచి చూసిన రోజు తూర్పున ఒక్కటే ఉంది.

పెద్దగా ఉంది. తెల్లగా ఉంది. దాని పక్కన ఒక చిన్న ఎర్రచుక్క.

వేగుచుక్కకు పక్కన ఎర్రచుక్క ఉండదు.

చూశాను. చూసీ...

తమ్ముణ్ణి లేపాను.

"ఇంకా కోడి కుయ్యలేదే అన్నా," అన్నాడు వాడు, కళ్ళు నలుపుకుంటూ.

"చుక్క పొడిచింది లేరా. కోడికేం, నిద్రమత్తు."

వాడు నవ్వాడు. లాంతరు తీసుకున్నాడు. మందకు ముందు వాడు. వెనక నేను. అమావాస్య ఇంకా వదలని చీకటి. మేము నడుస్తున్నాం, తెల్లవారడం లేదు. రోడ్డు తగిలింది, తెల్లవారలేదు.

ముందు లాంతరు ఊగుతూ పోయింది.

ఆ తర్వాత ఇంకో వెలుగు వచ్చింది.

వాడు. వాడితో పంతొమ్మిది గొర్రెలు.

తెల్లవారడానికి ఆ పైన ఎంతసేపు పట్టిందో! తమ్ముడి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. చాలాసేపటికి తూర్పున అసలుది లేచింది. దాని పక్కన ఏ చుక్కా లేదు.

లారీవాడు నిద్రపోయినాడని ఊరంతా అంది. స్టేషన్‌లో అతను ఏడుస్తూ ఒకటే మాట అడిగాడు. "ఆ యాళప్పుడు మంద రోడ్డు మీద ఎందుకుండాది సార్?"

ఎవరూ వినలేదు.

నేను విన్నాను.

నాకు పెళ్ళాం పోయింది, పిల్లల్లేరు. తమ్ముడి ఇంట్లోనే నా కంచం. వాడు పోయినా వాడి పెళ్ళాం చెంచమ్మ ఆ కంచం పెడుతూనే ఉంది. మూడేళ్ళుగా పూటపూటా. "ఇంకొంచెం పెట్టనా బావా," అంటుంది. ఎర్రచుక్క గొంతుదాకా వస్తుంది. ముద్దతో పాటు మింగుతాను.

చెబితే ఆ కంచం ఉంటుందా?

*

పొద్దు పొడిచాక సార్ కళ్ళం అంచున రాయి మీద గుమ్మడికాయ పెట్టాడు.

"ఇది సూర్యుడు. సూర్యుడు ఇంతే ఉంటే మిగతావన్నీ ఎంతెంత ఉంటాయో, ఎంతెంత దూరాన ఉంటాయో చూద్దాం రాండి."

డొంక వెంబడి అడుగులు లెక్కపెడుతూ, ఒక్కో గ్రహం దగ్గర ఒక్కో బిడ్డను నిలబెడుతూ నడిచాడు. పదహారో అడుగున బుధుడు... ఒక ఆవగింజ. ముప్ఫై దగ్గర శుక్రుడు, ఒక జొన్నగింజ. నలభై దగ్గర ఇంకో జొన్నగింజ.

"ఇదేంది సార్?"

"మనం."

"మనమందరమా?"

"మనమూ, మన ఉదయగిరి కొండా, పెన్నా, సముద్రమూ, అన్నీ. ఆ గింజలోనే."

జొన్నగింజ పట్టుకున్న పిల్లోడు పిడికిలి గట్టిగా మూశాడు. అందరం వాడి చేతిలో ఉన్నామని భయపడినట్టు.

అరవై దగ్గర అంగారకుడు, రాగిగింజ. ఆ తర్వాత చాలాదూరం ఏమీ లేదు. కంపచెట్లు, ఎర్రమట్టి, గొర్రెల పెంటికలు. రెండువందల పది దగ్గర సార్ ఆగి నిమ్మకాయ తీశాడు.

"గురుడు. ఎవురు పట్టుకుంటారు?"

శ్వేత చెయ్యి చాపింది.

శని ఉసిరికాయంత. చుట్టూ తీగతో చేసిన కంకణం. సార్ దాన్ని సుధారాణికి ఇవ్వబోతే అది చేతులు వెనక్కి దాచుకుంది.

"శని నాకొద్దు సార్! మాయమ్మ ఇంట్లోకి రానియ్యదు!"

"ఉసిరికాయే మే. ఉప్పేసుకుని తినేదే."

"అయినా వద్దు!"

చివరికి సార్ కూతురు జెస్సికా పట్టుకుంది. పట్టుకుని, సుధారాణిని వెక్కిరించింది.

"మరి రాహువు, కేతువు ఏరి సార్?" అన్నాడు ఇంకో పిల్లోడు.

"వాళ్ళు నీడలు. నీడని చేతిలో పెట్టి నిలబెట్టలేంరా."

నీడని మోయడం సంగతి సార్ చెప్పలేదు.

ఇంకా దూరంగా యురేనస్ అట, నెప్ట్యూన్ అట... చెరొక శనగగింజ. చివరిది మిగిలింది. ప్లూటో. నేనూ వెంట తిరిగాను; గుమ్మడికాయ దగ్గరికి మళ్ళీ వచ్చాక సార్ కాగితం పొట్లం విప్పాడు. గసగసాలు. ఒక్కటి తీసి నావైపు చూశాడు.

"పెంచలన్నా, ఇది రోడ్డుదాకా పోవాల. పిల్లోళ్ళని ఆడికి పంపియ్యను. నువ్వు పట్టుకుపో. పదహారు వందల అడుగులు."

ఆ లెక్క ఆయన నాకు చెబుతున్నాడు.

వేలి కొసను నాలుకకు తాకించి గసగసం అంటించుకున్నాను. నడిచాను. డొంక నాకు కొత్త కాదు. ప్రతి రాయీ తెలుసు. ఒక్కొక్క పిల్ల దగ్గరా ఆగకుండా దాటాను. శ్వేతను దాటేటప్పుడు అది నా మొహం చూసింది. నేను వేలు చూసుకున్నాను.

రోడ్డు.

ఆ చోటు.

వెనక్కి తిరిగి చూశాను. గుమ్మడికాయ కనపడలేదు. నిమ్మకాయ కనపడలేదు. పిల్లలు కూడా దూరాన మసకమసకగా, చీమల్లా. ఇక్కడి నుంచి సూర్యుడు కూడా ఒట్టి చుక్కేనని సార్ అన్నాడు. వెలుగు వస్తుందిగానీ వెచ్చదనం రాదట.

మూడేళ్ళుగా నేను ఎక్కడ నిలబడి ఉన్నానో అప్పుడు తెలిసింది.

లారీ ఒకటి వచ్చింది. హారన్ కొట్టుకుంటూ పోయింది. ఆ గాలికి వేలు మీది గసగసం ఎగిరిపోయింది. వంగి వెతికాను. తారు మీద గసగసం ఎక్కడ దొరుకుతుంది!

వెనక్కి వచ్చేసరికి పిల్లలందరూ గింజలు పారేసి గుమ్మడికాయ దగ్గరికి పరుగెత్తారు. శ్వేత మాత్రం తన చోటు వదల్లేదు. రెండు చేతులతో నిమ్మకాయ పట్టుకుని నిలబడి ఉంది. దాన్ని దాటకుండా ఊళ్ళోకి పోలేను.

"పెదనాయనా."

"ఊఁ."

"నాయన పోయిన దినం ఏ చుక్క చూసి లేచినారు?"

ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. ఎక్కడో కౌజుపిట్ట కూసింది. ఆగింది.

అబద్ధం చెప్పొచ్చు. తొమ్మిదేళ్ళ పిల్ల. నమ్ముతుంది.

దాని నుదురు చూశాను. మాల్యాద్రి నుదురే. కోడి కుయ్యలేదే అన్నా...

"నీ చేతిలో ఉండేదే," అన్నాను.

అది నిమ్మకాయ వైపు చూసింది. ఏడవలేదు. తిరిగి ఇంటివైపు నడిచింది. ముందుపడి. మధ్యలో నడక పరుగైంది.

*

గొర్రెలకు నీళ్ళు పెట్టాను. పెట్టినవాటికే మళ్ళీ పెట్టాను. సద్ది తినే వేళ దాటిపోయింది. ఎవరూ పిలవలేదు.

ఏ రోజైనా శ్వేత వచ్చి దొడ్డి తడిక పట్టుకుని అరుస్తుంది. "పెదనాయనా, సద్ది!"

రాలేదు.

నేనే పోయాను.

గడప బయట కాళ్ళు కడుక్కున్నాను. లోపల మాటలు వినపడుతున్నాయి. నా చెంబు తొట్టిలో పడ్డ చప్పుడుకు ఆగాయి. గడప దాటాలో వద్దో తెలియక, కడిగిన కాళ్ళే మళ్ళీ కడుక్కున్నాను.

చెంచమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. నావైపు చూడలేదు. శ్వేత మూలన మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుని ఉంది. రెండు కంచాలు నేల మీద ఉన్నాయి. నాది గోడకు ఆనించి, ఎక్కడిది అక్కడే ఉంది.

నిలబడ్డాను.



"అందుకా బావా, టైంపీసు," అంది చెంచమ్మ.

తల ఊపాను. ఆమె చూడలేదు. చూడకపోయినా తెలిసింది.

లేచి గోడ దగ్గరికి పోయింది. కంచం తీసింది. తీసి, చేతిలో పెట్టుకుని, దాని అడుగున ఏదో రాసి ఉన్నట్టు చూస్తూ నిలబడింది. కొంగుతో తుడిచింది. మళ్ళీ తుడిచింది. తుడవడానికి అందులో ఏమీ లేదు.

ఆ తర్వాత దాన్ని నేల మీద పెట్టింది. రోజూ పెట్టేచోట కాదు. గడపకు దగ్గరగా.

కూర్చున్నాను.

రాత్రి మిగిలిన సంగటి నీళ్ళలో పిసికి మూడు కంచాల్లో పోసింది. ఉప్పు వేసింది. ఉల్లిగడ్డ చిదిమి పెట్టింది. ఆ రోజు మజ్జిగ లేదు. శ్వేత పక్కన నేల మీద నిమ్మకాయ ఉంది. చెంచమ్మ దాని వైపు చూసింది. తీసుకుని కత్తిపీట మీద రెండు చేసింది. ఒక చెక్క బిడ్డ కంచంలో పిండింది. రెండో చెక్క పట్టుకుని ఆగింది.

నా కంచంలో సగం పిండింది. మిగతా సగం తన కంచంలో.

పిండిన డిప్పలు రెండూ నేల మీద పడేసింది. అవి దొర్లి పక్కపక్కన ఆగాయి. ఒకటి వెల్లకిలా, తెల్లగా. ఒకటి బోర్లా, పసుపుగా. మధ్యలో గోరు దూరే సందు కూడా లేదు.

ఇంకొంచెం పెట్టనా అని ఆమె అడగలేదు.



తిన్నాం.