దొర తీసుకున్న తలకాయ

మా ఇంట్లో ఫ్రిజ్ మీద చాలాకాలం ఒక ఎద్దు పుర్రె ఉండేది. ఇంటికొచ్చినవాళ్ళు కాఫీ గ్లాసు చేతిలో పట్టుకుని, తాగడం మరిచి దాన్నే చూసేవాళ్ళు. నేను ఆర్టీసీ డిపోలో గుమాస్తాగా రిటైరైన మనిషిని, నాకు ఎముకలతో పనేమిటి? అది మా ఆవిడ స్వర్ణలతది.

ఆమె మదనపల్లెలో ఒక కాలేజీలో జువాలజీ చెప్పేది. మ్యూజియం గదిని కంప్యూటర్ ల్యాబుగా మారుస్తూ, సీసాల్లో పాముల్నీ గడ్డి కుక్కిన పక్షుల్నీ బయట పారేస్తుంటే, ప్రిన్సిపాల్‌ని అడిగి ఈ పుర్రెను ఇంటికి తెచ్చుకుంది. దాని నుదుటి మీద ఇంగ్లీషు అక్షరాల్లో పుంగనూరు అని, పక్కన 1868 అని సిరాతో రాసి ఉంది. కింద అది రాసిన మిలిటరీ డాక్టరు దొర పేరు కూడా ఉంది.

ఆమె చెప్పగా చెప్పగా ఆ దొరల సంగతి నాకూ కొంత తలకెక్కింది. పంతొమ్మిదో శతాబ్దంలో ప్రకృతి శాస్త్రమంటే సగం ఆలోచించడం, సగం పోగుచేయడం. సైన్యంతో వచ్చిన డాక్టర్లు తీరిక దొరికితే చాలు, పిట్టను కొట్టి తోలు తీసేవాళ్ళు, ఆకుల్ని కాగితాల మధ్య అదిమేవాళ్ళు, పుర్రెల్ని కొలిచి ఓడలో లండన్‌కు పంపేవాళ్ళు. జీవులన్నీ మొదటినుంచీ ఇలాగే ఉన్నాయా, మారుతూ వచ్చాయా అని అక్కడ పెద్ద తగాదా నడుస్తుండేది. తగాదా వాళ్ళది, సాక్ష్యాలు మాత్రం మన ఊళ్ళవి. పొట్టి పశువులకు పేరుపడ్డ పుంగనూరును వాళ్ళెలా వదిలిపెడతారు? ఈ ఒక్క తలకాయ ఎందుకో ఓడ ఎక్కకుండా ఇక్కడే మిగిలిపోయింది.

స్వర్ణలత అడిగేది ఒకటే. ఈ మధ్య సోఫా మీద కూర్చోబెట్టి ఫొటోలు తీసుకునేంత చిన్న పుంగనూరు దూడలు వస్తున్నాయి. ఆ జాతి అప్పుడే అంత పొట్టిదా, లేక మన ముచ్చట కోసం మనమే కురచ చేశామా? పుర్రె పంటిలోంచి కాస్త పొడి తీసి పరీక్ష చేస్తే తేలుతుందట. కుప్పంలో యూనివర్సిటీవాళ్ళు సెమినార్ పెట్టారు. బెంగళూరు నుంచి ఒక మ్యూజియంవాళ్ళు వస్తున్నారు. పుర్రెను కళ్ళారా చూస్తేనే పరీక్షకు తీసుకుంటామన్నారు, అసలుదని తేలితే ఆమె పేరుతో అద్దాల పెట్టెలో పెడతామన్నారు. ఉద్యోగంలో ఉన్నంతకాలం నోరు తెరిచి ప్రమోషన్ అడగని మనిషి, ఆ కబురు వచ్చిన రోజు పాయసం వండింది.

ఆమె వ్యాసం నేనే టైప్ చేశాను. అందులో దొర మీద ఆమె కోపమంతా ఉంది. "ఊరి పేరుండాది, తీసినోడి పేరుండాది. ఎద్దును సాకినోడి పేరు యాడుండాది? తలకాయ తీసుకుంటానని వాణ్ణి ఒక మాటన్నా అడిగినాడా?" అని నా మీద అరిచేది, నేనే ఆ దొరనైనట్టు.

సెమినార్‌కు రెండు రోజుల ముందు పుంగనూరు దగ్గరి ఒక పల్లెకు వెళ్ళాం. అక్కడ దేవప్ప, లక్ష్మీదేవమ్మ అని మొగుడూ పెళ్ళాం తాతలనాటి నుంచీ ఈ పశువుల్నే సాకుతున్నారు. వాళ్ళ ముసలి ఎద్దు తలను కొలిచి పుర్రెతో పోల్చాలని మా ఆవిడ ఆశ. తీరా పోతే ఎద్దు గుట్టకు మేతకు పోయింది. మాకేమో గంగవరంలో బంధువుల ఇంట్లో నామకరణం. శుభకార్యానికి పుర్రెను తీసుకుపోలేక స్వర్ణలత దాన్ని పాత ఎర్రచీర ముక్కలో చుట్టి లక్ష్మీదేవమ్మ చేతుల్లో పెట్టింది.

"ఇది మీ ఎద్దుల వంశందేనమ్మా. ఎన్నేండ్ల ముందో ఈడినుంచే పోయింది. మీకాడ ఉండనీండి, రేపొస్తాం" అంది.

లక్ష్మీదేవమ్మ గుడ్డ తొలగించి చూసింది. కొంగు తల మీదికి లాక్కుని, దాన్ని రెండు చేతులా అందుకుంది. ఎముకకు ఇంత మర్యాద చేసేవాళ్ళు కూడా ఉన్నారని మా ఆవిడ దారిపొడవునా మురిసిపోయింది.

మర్నాడు పొద్దున మేం వచ్చేసరికి ఎద్దు దొడ్లో నెమరేస్తోంది. పుర్రె కనిపించలేదు. దొడ్డి వెనక సెనక్కాయ చేలో ఒకచోట కొత్తగా తవ్విన మట్టి, దాని మీద పసుపు, కుంకుమ, రెండు అరటిపళ్ళు ఉన్నాయి.

"నిన్న సందేళే పూడ్సినామమ్మా. ఉప్పేసి, పసుపేసి, అంతా సక్కంగా సేసినాం" అంది లక్ష్మీదేవమ్మ. "ఈ పొద్దు మైలని పాల కేంద్రానికి పాలు గూడా పోయలేదు. మన ఇంటి పశువే గదా."

ఆ ఇంటికి ఒక పద్ధతి ఉందని దేవప్ప చెప్పాడు. వాళ్ళు అమ్మిన ఎద్దు పరాయి ఊళ్ళో చస్తే, కొన్నవాళ్ళు దాని తలకాయను గుడ్డలో చుట్టి తెచ్చి, ఇది మీదే అని అప్పజెప్పాలి. పుట్టిన దొడ్డి మట్టిలోనే అది కలవాలి. మా ఆవిడ సరిగ్గా అదే మాట చెప్పి, గుడ్డతో సహా అప్పజెప్పి వెళ్ళింది.

స్వర్ణలత అరుగు మీద కూలబడింది. "అయ్యో, పూడ్సడానికి కాదమ్మా. రేపు కుప్పంలో సూపించాల" అంది.

దేవప్ప నొచ్చుకుని వెంటనే పార తెచ్చాడు. "తప్పైపాయనమ్మా. ఇప్పుడే తీసిస్తా. తీసేటప్పుడు మళ్ళా యాడ పూడుస్తామో నేలతల్లికి సెప్పి తీయాల. యాడ పూడుస్తారు?"

మా పెరట్లో అంటే సరిపోయేది. నేను అనబోయాను కూడా. స్వర్ణలత నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"యాడా పూడ్సరప్పా. అద్దాల పెట్టెలో పెడతారు. జనం సూస్తారు."

"ఎన్నాళ్ళమ్మా?" అంది లక్ష్మీదేవమ్మ.

"ఎప్పటికీ."

దేవప్ప పారను నేలకు ఆనించాడు. ఆయన ముఖంలో కోపమేమీ లేదు. "అట్లయితే నాకు సేతులు రావమ్మా. మీరు తెచ్చినారు, మీరే తవ్వుకోండి" అని పార ఆమెకు ఇచ్చాడు.

ఆమె చేలోకి నడిచింది. పారను ఒకసారి మట్టిలోకి దించింది. తవ్వు తవ్వు అని నేను మనసులో గట్టిగా అనుకున్నాను. ఆ ఎముక కోసం ఆమె ఎంత తపించిందో నాకు తెలుసు, ఆ క్షణంలో వాళ్ళ పద్ధతి మీద నాకు ఒళ్ళు మండింది. ఆమె వంగి, పక్కకు దొర్లిన అరటిపండును మళ్ళీ సరిగ్గా పెట్టింది. తర్వాత పార పైకి తీసి, అంటిన మట్టిని చేత్తో తుడిచి దేవప్పకు ఇచ్చేసింది.

"ఆ దొర మీ పెద్దోళ్ళని అడగలేదప్పా. నేను అడిగినా. మీకు సేతులు రాలేదు, అంతే" అంది.

కుప్పంలో ఫొటోలు చూపించి వ్యాసం చదివింది. ఆధారం ఏదని అధ్యక్షుడు అడిగాడు. పూడ్చేశారంటే హాలంతా నవ్వింది. బెంగళూరాయన మాత్రం నవ్వలేదు. "ఇప్పటికైనా మించిపోలేదు మేడమ్. తవ్వించి పంపండి, తీసుకుంటాం" అని కార్డు చేతిలో పెట్టాడు.

తిరుగుదారిలో ఆమె నా పక్కనే కూర్చుంది, కారు నేనే నడుపుతున్నాను. చేసిన పనికి మనసు తేలికపడి ఉంటుందనుకుని నాలుగు మెచ్చుకోలు మాటలు కూడబలుక్కున్నాను. పలమనేరు దాటాక తిరిగి చూస్తే, కిటికీ వైపు తిరిగి ఏడుస్తోంది.

గంగవరం కూడా దాటాం. ఆ పల్లెకు తిరిగే దారి వచ్చింది. నేను కారు నెమ్మది చేసి, "దేవప్పవాళ్ళను ఒకసారి పలకరించి పోదామా?" అన్నాను.

"ఆపొద్దండి" అంది, కార్డును గుప్పిట్లో బిగించి. "ఆపితే దిగి తవ్వతాను."