అక్క చదివితే చెల్లి చేసేది

మా ఆడపిల్లలిద్దరూ కవలలు. పెద్దది, చిన్నది అంటాం గానీ మధ్యలో పావుగంట తేడా కూడా లేదు. మూడో తరగతి. పొద్దుట్నించీ లాండ్రీలో నిలబడి ఇస్త్రీ చేసి, కాళ్ళీడ్చుకుంటూ ఇంటికొచ్చేసరికి హోంవర్కు అయిపోయి ఉండేది. నా అదృష్టం పండిందనుకున్నాను. అనుకోనా మరి?

సెలవులిచ్చే ముందు టీచరమ్మ పిలిపించింది. పరీక్షలో ఎడంగా కూర్చోబెడితే దొందూ దొందేనట.

"చూడండమ్మా, పెద్దది గడగడా చదువుతుంది, లెక్క చెయ్యలేదు. చిన్నది నోటితో చెప్తే చిటికెలో చేస్తుంది, కాగితం మీదుంటే చదవలేదు. ఇన్నాళ్ళూ అది చదివితే ఇది చేసింది. బడి తెరిచిన రోజే మళ్ళీ పరీక్ష పెడతాను. అందులో తప్పినవాళ్ళు ఇదే తరగతిలో ఉండిపోతారు" అంది.

చదవడమే రాని పిల్ల ఏమైపోతుందన్నదే నా దిగులు. గడగడా చదివేదానికి లెక్కలెంతసేపు, అవే వస్తాయిలే అనుకున్నాను. ఉన్నవి రెండే గదులు. రోజూ సాయంత్రం పెద్దదానికి లెక్కలిచ్చి వంటగదిలో కూర్చోబెట్టి తలుపేసేదాన్ని. చిన్నదాన్ని నా పక్కన పెట్టుకునేదాన్ని.

"అక్కా, ఇదేంటే?" అని తలుపు కేసి అరిచేది.

"అక్కా లేదు, గిక్కా లేదు, నువ్వే చదువు" అనేదాన్ని.

ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ వాక్యం చివరికొచ్చేసరికి మొదలు మర్చిపోయేది. మళ్ళీ మొదటికి. నాకేమో కునుకు పట్టేసేది. అది నా మోచెయ్యి పొడిచేది. సెలవులన్నీ ఇలాగే ఏడ్చాయి. తల ప్రాణం తోకకొచ్చింది.

తెల్లారితే బడి అనగా, ఆ సాయంత్రం బుట్టలో పళ్ళ లెక్క ఒకటి ముక్కుతూ మూలుగుతూ చదివింది. ఆగింది. నన్నడక్కుండానే జవాబు రాసింది. సరైనదే. నా ఒళ్ళునొప్పులన్నీ ఎటు పోయాయో. ఇంకోటి చదివింది, అదీ చేసింది. అక్కని పిలవనే లేదు.

పెద్దదానికి ఈ మాట చెబుదామని వంటగది తలుపు తీశాను. తలుపు పక్కనే గోడకి చెవి ఆనించి కూర్చునుంది. ఒళ్ళో నేనిచ్చిన తీసివేతలు. ఒక్కటీ చెయ్యలేదు.

"అది నన్ను పిలవట్లేదేంటమ్మా?"

"దానికి చదవడం వచ్చేసిందే తల్లీ. ఇక నాలుగో తరగతికి వెళ్ళిపోతుంది."

ఒళ్ళో ఉన్న తీసివేతలు నా ముందు పెట్టింది.

"మరి నాకెప్పుడు నేర్పుతావమ్మా?"