ముందుపళ్ళ ముచ్చట

మా తమ్ముడి ముందుపళ్ళ ముచ్చట మా ఆయనకు రెండుసార్లు చెప్పాను. మొదటిసారి నా అంతట నేనే చెప్పాను. రెండోసారి ఆయన అడిగి చెప్పించుకున్నాడు. ఆ రెండోసారి గుర్తొచ్చినప్పుడల్లా ఒళ్ళు మండుతుంది.

పెళ్ళై తాండూరుకు వచ్చి అప్పటికి ఏడు వారాలు. మా ఆయన పరశురాం అక్కడ ఒక ప్రైవేటు కాలేజీలో ఆటలు నేర్పే పీడీ సారు. హైదరాబాద్‌లో కొత్తగా ఒక బేస్‌బాల్ లీగ్ మొదలుపెట్టారు. ఆరు జట్లు. ఊళ్ళలో ఆడే కుర్రాళ్ళ జాబితా ముందు పెట్టుకుని, జట్లు వంతులవారీగా ఒక్కొక్కరినీ ఎంచుకుంటాయి. దాన్ని డ్రాఫ్ట్ అంటారు. అంతకంటే ముందు జిల్లాల్లో తిరిగి, ఎవరిలో ఎంత ఆట ఉందో చూసి కాగితం మీద పెట్టే మనిషి కావాలి. మా జిల్లాలో ఆ పని మా ఆయనది.

ఆ పని నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. ఆయనకు ఒక స్పీడ్ గన్ ఇచ్చారు. విసిరిన బంతికి దాన్ని గురిపెడితే, గంటకు ఇన్ని కిలోమీటర్లని వేగం అంకెల్లో కనబడుతుంది. కొత్త కాపురంలో ఆయన నాకు మొట్టమొదట నేర్పింది దాన్ని పట్టుకోవడమే. డాబా మీద నిలబడి, రోడ్డున పోయే బండల లారీలకూ, బడి గంటకు పరిగెత్తే పిల్లలకూ గురిపెట్టేవాళ్ళం. ఒకసారి ఇంటి ఓనరమ్మ కోతి మీదికి విసిరిన చెప్పుకు ముప్పై నాలుగు వచ్చింది. ఇద్దరం మెట్ల మీద కూలబడి కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వుకున్నాం.

నేను బీఎస్సీ చదివాను కాబట్టి, ఆయన రాసుకొచ్చిన కాగితాలు ల్యాప్‌టాప్‌లో కొట్టడం నా వంతు. తాండూరు, పరిగి, మర్పల్లి వైపు నుంచి మొత్తం ముప్పై ఒక్క మంది. ఎత్తు, బంతి వేగం, గురి, వయసు. వయసు దగ్గర ఆయన ఎక్కువసేపు ఆగేవాడు. పంతొమ్మిదేళ్ళవాడు నూట ఇరవై ఎనిమిది వేగంతో వేస్తే ఇంకా పెరుగుతాడట. ఇరవై రెండేళ్ళవాడు అదే వేస్తే ఇక అక్కడితో సరట. పైగా ఇరవై నిండినవాళ్ళను తీసుకోకూడదని లీగ్ నియమం. ఆ నియమాన్ని నా చేత్తో నేనే టైపు చేశాను. అయినా నా బుర్రకు ఎక్కలేదు.

ఆ ముప్పై ఒక్క మందిలో మా తమ్ముడు మల్లేశ్వర్ ఒకడు. బంతి విసిరేవాడు, అంటే పిచ్చర్. మా నాన్న బిచ్చయ్య మర్పల్లి దగ్గర గొర్లు కాస్తాడు. చిన్నప్పటినుంచి గొర్ల వెంట రాళ్ళు విసిరి వీడి చెయ్యి అట్లా తయారైందని అందరూ అనేవాళ్ళు. మా నాన్న ముందర గొర్రె మీద రాయి విసిరితే మన వీపు మీద కర్ర విరుగుతుంది. వాడి చెయ్యి వాడు పెంచుకున్నదే. హాస్టల్‌లో చదివేటప్పుడు సాఫ్ట్‌బాల్‌తో మొదలుపెట్టాడు. తర్వాత వికారాబాద్‌లో ఇంటర్, డిగ్రీ చదువుతూ, పాత ట్రాక్టర్ టైరు ఒకటి గోడకు వేలాడదీసి, దాని నడిమధ్యలోంచి నాలుగేళ్ళపాటు రోజూ బంతులు వేశాడు. కాగితం మీద వాడి వయసు పంతొమ్మిది. వచ్చే ఏటికి ఇరవై నిండుతాయి. అంటే వాడికి ఈ ఒక్క డ్రాఫ్టే దిక్కు.

మొదటిసారి ఆ ముచ్చట చెప్పింది అనంతగిరిలో, ఒక ఆదివారం. దర్శనం అయ్యాక మెట్ల దగ్గర కాల్చిన మక్క కంకులు తింటున్నాం. ఆయన ముందుపళ్ళ మధ్య గింజ ఒకటి ఇరుక్కుంది. దాంతో నాకు గుర్తొచ్చింది.

నాన్న గొర్లను తోలుకుని నెలల తరబడి ఊళ్ళు తిరిగేవాడు. తమ్ముణ్ణీ వెంట తీసుకుపోయేవాడు. బడిలో వేసేసరికి వాడికి ఎనిమిదేళ్ళు. నేను ఐదో తరగతి, వరండాలోంచి చూస్తున్నాను. బాలస్వామి పంతులు ఒకటో తరగతి రిజిస్టరు తీసి, పిల్లవాడు ఎప్పుడు పుట్టాడని అడిగాడు. గొర్లకు నాలుక రోగం వచ్చిన ఏడాది అన్నాడు నాన్న. పంతులు అందరికీ రాసినట్టే ఐదేళ్ళు నిండినట్టు లెక్కగట్టి, జూన్ నెలలో ఒక తేదీ వేశాడు. రాశాక తలెత్తి చూస్తే, మా వాడి పాలపళ్ళు ఊడిపోయి కొత్త పళ్ళు రెండు పారల్లా దిగుతున్నాయి. పంతులు వాటివంక కాసేపు చూశాడు.

"నోరు మూసుకోరా. నీకు గిప్పుడు ఐదేండ్లే," అన్నాడు.

మా వాడు వారం రోజులు బడిలో నోరు తెరవలేదు. అన్నం కూడా వెనక్కి తిరిగి తిన్నాడు.

మా ఇంట్లో ఎన్నిసార్లు నవ్వుకున్నామో. మా ఊళ్ళో సగం మందికి ఇట్లాంటి జూన్ పుట్టినరోజులే. దాన్ని మోసమని ఎవరూ అనుకోరు. అది బడి పెట్టిన వయసు, పేరు పెట్టినట్టే. ఆయన కూడా పడీపడీ నవ్వాడు. నా భుజం మీద చెయ్యి వేసి, మిగిలిన కంకి నాకే ఇచ్చాడు.

నాలుగు రోజుల తర్వాత, సాయంత్రం టీ తాగుతూ, "సింధూ, గా పంతులు ముచ్చట మల్లొకసారి జెప్పు," అన్నాడు.

నేను పొంగిపోయాను. చున్నీ కండువాలా భుజాన వేసుకుని పంతులు వేషం కట్టాను. మధ్యమధ్యలో ఆయన అడుగుతున్నాడు. అప్పుడు నువ్వు ఎన్నో తరగతి అన్నాడు. నీకూ వాడికీ ఎంత తేడా అన్నాడు. రెండేళ్ళన్నాను. పంతులు ఇంకా ఆ ఊళ్ళోనే ఉన్నాడా అన్నాడు. నా మాటలు ఇంత శ్రద్ధగా వినే మనిషి దొరికాడని నాకు ఎంత సంతోషమో. ఒకసారి ఫోన్ తీసి ఏదో నొక్కాడు. టైము చూసుకున్నాడనుకున్నాను.

ఆ వారమే, తమ్ముడి కాగితం తానే టైపు చేసుకుంటానన్నాడు. అక్కవు కదా, నువ్వు ముట్టుకుంటే బాగుండదన్నాడు. వెంటనే మా అమ్మ హన్మమ్మకు ఫోన్ చేసి, నీ అల్లుడు ఎంత నికార్సయిన మనిషో చూడు అని గొప్పలు చెప్పుకున్నాను.

ఆఖరి ఎంపిక వికారాబాద్ గ్రౌండులో జరిగింది. హైదరాబాద్ నుంచి లీగ్ వాళ్ళు ఇద్దరు వచ్చారు. ఎనిమిది మందిని పిలిచారు, అందులో ముగ్గురి పేర్లు డ్రాఫ్ట్ జాబితాకు వెళ్తాయి. మా వాడు పదహారు బంతులు వేశాడు. నూట ఇరవై ఎనిమిది. నూట ముప్పై. ఆఖరిది నూట ముప్పై ఒకటి. పట్టుకున్న కుర్రాడు గ్లవ్ తీసి చెయ్యి విదిలించుకున్నాడు. నేను లేచి చప్పట్లు కొట్టాను.

పెద్ద సారు వాణ్ణి టేబుల్ దగ్గరికి పిలిచాడు. ఇక అయిపోయింది, పేరు రాసుకుంటారు అనుకుని, నీళ్ళ బాటిల్ పట్టుకుని నేనూ దగ్గరికి వెళ్ళాను. మా ఆయన ఆ పక్కనే నిలబడి ఉన్నాడు. సారు చేతిలో కాగితం ఉంది. దాన్ని చూస్తూ చాలా మామూలుగా అడిగాడు.

"బాబూ, ఒకటో తరగతిలో చేరేనాటికి నీకు పాలపళ్ళు ఊడిపోయి ఉన్నాయా?"

తమ్ముడు మొదట అర్థం కానట్టు చూశాడు. తర్వాత తల తిప్పి నన్ను చూశాడు. వాళ్ళ బావను చూడలేదు. నన్నే చూశాడు. ఆ ముచ్చట ఎవరి నోటినుంచి గడప దాటిందో వాడు ఎవరినీ అడగాల్సిన పని లేదు.

నేను మా ఆయన వైపు చూశాను. విజిల్ తాడు వేలికి చుట్టుకుంటూ నేల చూస్తున్నాడు. ఎన్నో తరగతి, ఎంత తేడా, పంతులు ఉన్నాడా. ఆ రోజు ఫోన్‌లో నొక్కుకున్నది నా జవాబులే. టీ తాగుతూ నన్ను విచారణ చేశాడు. నేను చున్నీ భుజాన వేసుకుని, నవ్వుకుంటూ, అభినయించి మరీ సాక్ష్యం చెప్పాను.

ఈ అమ్మాయి ఎవరని సారు అడిగాడు. అక్క అని తెలిసి, నువ్వు చెప్పమ్మా, ఇందులో రాసింది నిజమేనా అన్నాడు. మా ఆయన నావైపు చూసి చిన్నగా తల ఊపాడు. నిజం చెప్పమని. అంత ధీమాగా ఊపాడు.

"లేదు సార్. ఆయనను నవ్వించడానికి నేను అల్లిన కథ అది," అన్నాను. "తమ్ముడు నాకన్న ఐదేండ్లు చిన్న."

సారు పెన్ను కాగితం మీద ఆగింది. ఒక్క నిమిషం, నా అబద్ధం నిలబడుతుందనే అనుకున్నాను. తమ్ముడు గ్లవ్ తీసి టేబుల్ మీద పెట్టాడు.

"నాకు ఇరవై రెండు సార్. మా అక్కను ఏం అడగకున్రి."

సారు దురుసుగా ఏమీ అనలేదు. పేరు కొట్టేసి, నూట ముప్పై ఒకటి మంచి అంకె బాబూ అన్నాడు.

వాడు బ్యాగు భుజాన వేసుకుని బస్టాండు వైపు నడిచాడు. పరిగెత్తి అందుకున్నాను. నీ కోసం అందరి ముందూ అబద్ధం ఆడాను కదరా, ఎందుకు ఒప్పుకున్నావని అడిగాను. వాడు మర్పల్లి బస్సు దగ్గరికి వచ్చి ఆగాడు.

"నువ్వు నవ్వుకోనీకె చెప్పినవని నాకెర్కే," అన్నాడు మెట్టు మీద కాలు పెట్టి. "గానీ ఇగ నా గురించి మంచిగానీ చెడ్డగానీ ఎవ్వరికి చెప్పకక్కా. నీ మాటలు యాడికి పోతున్నయో నీకే తెల్వది."

బస్సు కదిలింది. వాడు కిటికీ అవతలి వైపు కూర్చున్నాడు.

కాసేపటికి మా ఆయన వచ్చాడు. తాండూరు రైలుకు ఇంకా గంట ఉంది, పద అన్నాడు. నేను కదలలేదు. ఆయన మెల్లగా చెప్పుకొచ్చాడు. ఆ కాగితం కింద తాను సంతకం పెట్టాలట. బామ్మర్దిని దాచిపెట్టాడని రేపు ఎవరో ఒకరు అంటారట. తాను రాసినవాటిలో అబద్ధం ఒక్కటీ లేదట. తమ్ముడు ఒప్పుకునేదాకా నా వల్లే తాను సార్ల ముందు అబద్ధాలకోరులా నిలబడ్డాడట. వాటిలో కొన్ని నిజాలేనని నాకూ తెలుసు.

"రాస్తే రాసిన్రు," అన్నాను. "రాస్తున్నానని నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు ఏడుస్తవని."

"మరి రెండోసారి ఎందుకు చెప్పించుకున్రు?"

ఎండగా ఉంది, నీళ్ళు తాగు అన్నాడు. నేను తర్వాతి మర్పల్లి బస్సెక్కాను.

ఇంటికి చేరేసరికి నాలుగు దాటింది. తమ్ముడు వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. నాన్న అప్పుడే గొర్లను తోలుకొచ్చి, ఎదురుగా కుంటుతున్న గొర్రెపిల్ల కాలు ఒళ్ళో పెట్టుకుని ముల్లు తీస్తున్నాడు. నన్ను చూసి అమ్మ సంబరంగా లేచింది. అల్లుడు రాలేదా అని నా వెనక చూసింది. పని ఉందన్నాను. దారి పొడుగునా తయారుచేసుకున్న మాటలు గొంతుదాకా వచ్చాయి. నాన్నా, నేనే చెప్పాను, నా వల్లే పోయింది అని. ఈలోగా నాన్న తమ్ముణ్ణి అడిగాడు.

"ఏమాయెరా? తీస్కున్నరా?"

"తీస్కోలే నాయినా. బావ మంచిగనే రాసిండు. నేనే సక్కగ ఎయ్యలే ఇయ్యాల."

నాన్న ముల్లు తీసి పారేసి, గొర్రెపిల్లను వదిలిపెట్టాడు. చెయ్యి నొప్పి పెట్టిందా అని వాణ్ణి అడిగాడు. వాడు ఔనన్నాడు. అమ్మ ఉడకబెట్టిన కందికాయలు గిన్నెలో పోసి మా ఇద్దరి మధ్య పెట్టింది. నూనె కాచి తెస్తానని లోపలికి వెళ్ళింది, వాడి చేతికి రాయడానికి. నొప్పి లేని చేతిని వాడు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నావైపు చూడకుండానే గిన్నెను కొంచెం నాకేసి జరిపాడు.

నా ఫోన్ మోగింది. మా ఆయన. తాండూరులో దిగినట్టున్నాడు, వెనక ఆటోల చప్పుడు వినిపిస్తోంది.

"చేరినవా? మీ నాయినకు తెల్సిందా? ఏమంటున్నరు వాళ్ళు?"

ఏడు వారాలుగా ఆయన ఇట్లా అడగడమే ఆలస్యం, నేను అన్నీ చెప్పేసేదాన్ని. లోపల నూనె కాగుతున్న వాసన వస్తోంది. అమ్మ గిన్నెను కొంగుతో పట్టుకుని బయటికి వస్తోంది. తమ్ముడు చొక్కా చెయ్యి పైకి మడుస్తున్నాడు.

"ఏం లేదు," అని ఫోన్ పెట్టేశాను.