సారు పంపిన మేక

బారెడు పొద్దెక్కేసరికి మేక చచ్చిపోయింది. గడప ముందు పరిచిన గోనె పట్టా మీద కాళ్లు చాపుకుని పడి ఉంది. దాని వెనక రెండు పిల్లలు. ఒకటి కడుపులోనే పోయింది. రెండోది తడి ఆరని ఒంటితో వణుకుతూ, చచ్చిన తల్లి పొదుగు కోసం మూతితో వెతుకుతోంది.

సదానందం మంచం మీంచి చూస్తున్నాడు. లేవాలంటే ముందు కుడి పక్కకు ఒత్తిగిలాలి. మోచేతి మీద బరువు పెట్టి, ఎడమ కాలిని చేత్తో పట్టుకుని కిందికి దించాలి. అప్పుడు గోడ పట్టుకుని నిలబడాలి. మూడు నెలలుగా అలాగే లేస్తున్నాడు. ఇరవై రెండేళ్లు వడ్ల బస్తాలు మోసిన నడుము అది. దసరా పోయిన వారానికి, రైస్ మిల్లులో పేర్చిన బస్తాల నెట్టు కూలిపోయి అతని మీద పడింది. అప్పటి నుంచి ఆ నడుము వంగదు.

ఇంట్లో ఇంకెవరూ లేరు. భార్య వినోద చీకటితోనే మిరపకాయలు ఏరడానికి ట్రాలీ ఎక్కి వెళ్లింది. మేక నొప్పులు పడుతోందని తెలిసీ వెళ్లింది. ఒక్కరోజు మానితే మూడు వందల యాభై పోతాయి. పైగా ఒకసారి గుంపులోంచి పేరు తీసేస్తే మళ్లీ పిలవరు. కూతురు తిరుమల వరంగల్‌లో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది.

అతను గోడకు వీపు ఆనించి మెల్లగా జారి కింద కూర్చున్నాడు. పిల్లను ఒళ్లోకి లాక్కుని తువ్వాలుతో తుడిచాడు. నలభై కిలోల బస్తాకు అలవాటైన చేతులు అవి. ఎక్కడ పట్టుకుంటే ఏం విరుగుతుందోనని మొదటిసారి భయపడ్డాయి.

"మల్లక్కా, ఓ మల్లక్కా, జర ఇటు రా."

మల్లక్క వెనక వాడకట్టులో ఉంటుంది. ముప్ఫై మేకలు ఆమెకు. వచ్చి, ముందు చచ్చిన మేక పెదవి ఎత్తి చూసింది.

"దీనికి పండ్లే లేవు గద తమ్మీ. ఎన్ని ఈతలు ఈనిందో ఏమో. ఎవలిచ్చిన్రు నీకు?"

"మా మిల్లు సారు పంపిండు."

"కోతకు గూడ పనికి రాదని నీకు తోలిండు." మల్లక్క పిల్ల నోట్లో వేలు పెట్టి చూసింది. "నోరు సల్లవడుతాంది. ముర్రుపాలు వడకుంటె ఇది పొద్దూకేదాంక బతకది. నిన్న మా మ్యాకొకటి ఈనింది. ఇన్ని పిండుకస్త. సీస ఉంటె సూడు."

పక్కింటి బాలింతరాలి దగ్గర పాత పాలసీసా దొరికింది. మల్లక్క ముర్రుపాలు పోసి ఇచ్చింది. సదానందం పిల్లను ఒళ్లో వెల్లకిలా పండబెట్టి పాలపీక నోట్లో పెట్టాడు. రెండు గుటకలు పడ్డాయో లేదో, ముక్కులోంచి పాలు బయటికొచ్చాయి. పిల్ల ఉక్కిరిబిక్కిరై తన్నుకుంది. మల్లక్క గబుక్కున లాక్కుని తలకిందులుగా పట్టి వీపు రాసింది.

"మనిషి పిల్ల అనుకుంటానవా? పండవెడితె పాలు ఊపిరిల పోతయ్. నిలవెట్టాలె. కాళ్లు భూమ్మీద, మెడ మీదికి. తల్లి కింద నిలవడి తాగినట్టు." పీకను వెలుతురుకు పట్టి చూసింది. "ఈ తూటు గూడ పెద్దగైంది. కొత్తది తెప్పియ్యి. పాలు మణికట్టు మీద సుక్క ఏసుకొని సూడు. సుర్రుమనద్దు, సల్లగ ఉండద్దు."

ఆ రోజు సాయంత్రం దాకా పిల్ల బతికింది. మరునాడూ బతికింది.

మేక ఇంటికొచ్చిన కథ సదానందానికి తలుచుకోవడం ఇష్టం ఉండదు. పడ్డనాడు వరంగల్ దవాఖానలో చేర్పించి, రెండు రోజుల ఖర్చు మిల్లు వాళ్లే పెట్టుకున్నారు. మూడో రోజు నుంచి ఎవరూ రాలేదు. నెల తరవాత మిల్లు గుమాస్తా వెంకట్రాజం ట్రాలీ ఆటోలో ఈ చూడి మేకను తెచ్చి గుంజకు కట్టాడు.

"రాజేశ్వర్ రావు సారు నీ మీద రహం తోటి పంపిండు. ఈనితె రెండైతయ్, నాలుగైతయ్. నువ్వు పని చెయ్యకున్నా బతుకుతవు. ఎవలన్న వచ్చి అడిగితె కాలు జారి పడ్డనని చెప్పు. పెద్దోళ్ల తోటి లొల్లి వెట్టుకోకు."

సదానందం తల ఊపాడు. ఆ తరవాత ఎవరడిగినా కాలు జారిందనే చెప్పాడు. నిజానికి గోడ పక్కన నేల బండలు కుంగి, నెట్టు ఒక పక్కకు ఒరిగింది. అది చూసి ముందు రోజే వెంకట్రాజానికి చెప్పాడు. లారీ పోయాక చూద్దామన్నాడతను. ఈ సంగతి సదానందం వినోదకు కూడా చెప్పలేదు.

పిల్లను పెంచడం అతనికి కొత్త పని. తెలియక ఎన్నో తప్పులు చేశాడు. నాలుగో రోజు అది ఆపకుండా అరుస్తుంటే ఆకలనుకుని సీసా మీద సీసా పట్టాడు. తెల్లారేసరికి పొట్ట బిగిసి, వెనక కాళ్లంతా నీళ్ల విరేచనం. మల్లక్క తిట్టింది.

"అరిసినప్పుడల్ల తాపుతరా? దినానికి ఐదుసార్లు, కొంచెం కొంచెం. ఇయ్యాల పాలు బంద్ చెయ్యి. కాచిన నీళ్లల్ల ఇంత ఉప్పు, ఇంత చక్కెర ఏసి తాపియ్యి."

పగలంతా అతను గంటకోసారి ఆ నీళ్లు పట్టాడు. గోనె సంచి మడిచి దాని కింద వేశాడు. తడిస్తే మార్చాడు. నడుము నొప్పికి కళ్ల నీళ్లు తిరిగేవి. అయినా సాయంత్రానికి పిల్ల తల ఎత్తితే, మూడు నెలల్లో మొదటిసారి ఒక పని సరిగ్గా చేశాననిపించింది.

పాలకే రోజుకు ముప్ఫై రూపాయలు అవుతున్నాయి. ఇంట్లో పాలు లేని చాయ తాగుతున్నారు. వినోద ఒకనాడు పొలం నుంచి వచ్చి, మిరప ఘాటుకు మండుతున్న చేతులను మజ్జిగ గిన్నెలో పెట్టుకుని, అతను పిల్లను మోకాళ్ల మధ్య నిలబెట్టి పాలు పట్టడం చాలాసేపు చూసింది.

"తిరుమలకు ఏనాడన్న గిట్ల సీస పట్టినవా?" అంది.

"ఎప్పుడు పట్టాలె? తెల్లారకముందు పోతి, చీకటి వడ్డంక వస్తి."

"నేను గూడ పోయిన గద పనికి." ఆమె గొంతులో కోపం లేదు. మజ్జిగ గిన్నె పక్కకు జరిపి వంట మొదలుపెట్టింది.

పిల్లకు ఇరవై ఐదో రోజు. మధ్యాహ్నం పాలు పడుతుండగా మల్లక్క వచ్చి వాకిట్లో నిలబడింది.

"మీ మిల్లుల మళ్ల నెట్టు కూలిందట. శోభారాణి పెనిమిటి మధు కిందవడ్డడు. దవాఖానకు తీస్కపోతాంటె తొవ్వల్నే పానం పోయిందట."

మధుకు ఇరవై ఆరేళ్లు. హమాలీల ముఠాలో సదానందం జాగా ఖాళీ అయితే ఆ జాగాలో చేరాడు. చేరే ముందు ఇంటికొచ్చి, "సదన్నా, నీ జాగల పోతాన. ఏమనుకోకు" అని చెప్పి మరీ వెళ్లాడు. సదానందం మంచిదన్నాడు. ఇంకేమీ అనలేదు. కూలిన నెట్టును అదే కుంగిన బండల మీద మళ్లీ పేర్చారని ముఠా వాళ్లు చెప్పగా అప్పటికే అతనికి తెలుసు.

సీసాలో పాలు అయిపోయి పిల్ల వట్టి గాలి పీలుస్తున్నా అతనికి తెలియలేదు. మల్లక్కే వంగి సీసా తీసింది.

అయిదు రోజులకు వెంకట్రాజం వచ్చాడు. బండి ఆపి, మంచం మీద కూర్చుని, సంచిలోంచి బాండు పేపరు తీశాడు. మనిషి నిద్రలేనట్టు ఉన్నాడు.

"శోభారాణి లేబర్ ఆఫీసుల దరఖాస్తు పెట్టింది. ఇంతకుముందు అదే జాగల ఇంకోడు పడ్డడని రాయించింది. ఆ ఇంకోడివి నువ్వే. రేపో మాపో ఆఫీసరు నీ తాన్కి వస్తడు. గీడ సంతకం పెట్టు."

సదానందం ఏడో తరగతి దాకా చదివాడు. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు. ఆనాడు తాను కల్లు తాగి ఉన్నానని, నెట్టు సక్రమంగానే ఉందని, పరిహారం కింద రెండు మేకలు, వైద్యానికి యాభై వేలు ముట్టాయని, ఇక మిల్లుతో తనకే సంబంధమూ లేదని ఉంది.

"మేక ఒక్కటే గదనే ఇచ్చింది."

"కాగితంల ఎన్ని ఉంటె నీకేంది? గేటుకాడ వాచ్‌మెన్ జాగ ఖాళీగుంది. నెలకు తొమ్మిది వేలు. కూసుండి చేసే పని. సారు నీకే ఇమ్మన్నడు."

తొమ్మిది వేలు. సదానందం కాగితం మోకాలి మీద పెట్టుకున్నాడు. వినోద చేతులు కళ్ల ముందు కదిలాయి.

"నేను ఆనాడు తాగలేదు" అన్నాడు చివరికి.

"నువ్వు తాగుతవని ఊరందరికి ఎరికే."

"పండుగకు తాగుత. నెట్టు ఎక్కేనాడు తాగలే. ముందు దినం నీకే చెప్పిన వెంకట్రాజమన్నా. బండలు కుంగినయ్, నెట్టు ఒరుగుతాందని."

వెంకట్రాజం ముఖం పక్కకు తిప్పుకున్నాడు. "నాకు యాదికి లేదు. నాక్కూడ ఇద్దరు పిల్లలున్నరు సదానందం. నా నౌకరి మీదికి తేకు. పెన్ను పట్టు."

"పెట్ట."

ఆ మాట తన నోట్లోంచి అంత మెల్లగా వచ్చినందుకు సదానందమే ఆశ్చర్యపోయాడు. వెంకట్రాజానికి సరిగా వినపడలేదేమోనని మళ్లీ అన్నాడు. "సంతకం పెట్టనన్నా."

వెంకట్రాజం కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాడు. లేచి నిలబడ్డాడు. అతని కళ్లు గుంజ దగ్గర గంతులేస్తున్న పిల్ల మీద పడ్డాయి.

"అట్లయితె సారు సొమ్ము సారుకు ముట్టాలె. మ్యాకను సంపుకున్నవ్, పిల్లనన్న తీస్కపోత."

గుంజ నుంచి తాడు విప్పి, పిల్లను గోనె సంచిలో దింపి, తల మాత్రం బయట ఉండేట్టు మూతి కట్టాడు. సదానందం లేవబోయాడు. నడుములో పొడిచినట్టయింది. గోడ పట్టుకుని నిలబడేసరికి సంచి బండి ముందు భాగంలో ఉంది. అడ్డం పడి ఆపేంత బలం తనకు లేదని ఇద్దరికీ తెలుసు.

"జర ఆగు" అన్నాడు. కిటికీలోంచి పాలసీసా తీసి చాపాడు. "దినానికి నాలుగుసార్లు. నిలవెట్టి తాపియ్యున్రి. ఒక్కసారే ఎక్కువ తాపితె పొట్ట ఉబ్బుతది."

వెంకట్రాజం సీసా వంక చూశాడు. ఒక క్షణం చెయ్యి ముందుకు రాబోయినట్టే ఉంది. కాని బండి స్టార్ట్ చేసి వెళ్లిపోయాడు. సందు మలుపు తిరిగేదాకా పిల్ల అరుపు వినిపించింది.

పొద్దు గూకేవేళ వినోద వచ్చింది. ఖాళీ గుంజను చూసి, అడగకుండా గడపలో కూర్చుంది. సదానందం అంతా చెప్పాడు. కాగితం, తొమ్మిది వేలు, పిల్ల. చెప్పకుండా దాచింది కూడా చెప్పాడు.

"నెట్టు ఒరిగిందని నీకు ముందుగాలనే ఎరికేనా?"

"ఎరికె."

"మధు పనికి పోతానని ఇంటికొచ్చి చెప్పిననాడు గూడ?"

"ఆనాడు గుంజకు మ్యాక కట్టేసి ఉండె వినోదా."

వినోద చేతులు మండుతున్నాయో ఏమో, చీర కొంగులో చుట్టుకుని పట్టుకుంది. తరవాత లేచి అతని చెప్పులు తెచ్చి కాళ్ల ముందు పెట్టింది.

"లెవ్. వోదాం పా."

రెండు వాడకట్టుల దూరమే. అతని నడకకు అరగంట పట్టింది. శోభారాణి ఇంటి ముందు వేసిన టెంటు ఇంకా తీయలేదు. ఆమె ఏడాది పిల్లను చంకనేసుకుని గడపలో నిలబడి ఉంది. అతను కర్ర ఊతంగా అడుగులేస్తూ రావడం చూసి, ఒక ప్లాస్టిక్ కుర్చీ లాగి ముందుకు జరిపింది.

"ఈ నడుముతోటి ఎందుకొచ్చినవ్ బావా? కూసో."

"కూసుంట గని, ముందు నేను చెప్పేది ఇను బిడ్డా." వినోద అతని మోచెయ్యి పట్టుకుంది. "ఆ నెట్టు ఒరిగున్నదని నాకు ఎరికె. మధు నా జాగల పోతానని చెప్పనీకి వచ్చిననాడు గూడ ఎరికె. నేను చెప్పలే. ఆఫీసరు వస్తె చెప్త. కోర్టుల గూడ చెప్త. కని ముందు నీకు చెప్పాలె."

శోభారాణి కుర్చీ వీపు మీద చెయ్యి వేసి ఉంది. ఆమె దాన్ని ఇంకా ముందుకు జరపలేదు, వెనక్కి లాక్కోలేదు. చంకలో పిల్ల ఏదో అంటూ ఆమె చెంప తడుముతోంది.

సదానందం నిలబడే ఉన్నాడు.