టీ జల్లెడ ఎక్కడుంది?

“టీ జల్లెడ ఎక్కడ పెట్టావు?” అని ఫోన్లో అడిగాడు మా ఆయన.

పెట్టానట! నేను ఉద్యోగానికని దేశం దాటి వచ్చి పదకొండు నెలలైంది. ఇన్నాళ్లూ పనమ్మాయి టీ పెట్టి చేతికిచ్చేది. మొన్న ఆమె మానేసింది. అంతే, మళ్లీ నేను గుర్తొచ్చాను.

ఇక్కడ ఆసుపత్రిలో ఆపరేషన్ పరికరాల గది నాది. ప్రతి సొరుగుకీ చీటీ ఉంటుంది. డ్యూటీ దిగేటప్పుడు తర్వాతి ఆవిడ చేతిలో తాళాలు పెట్టి సంతకం తీసుకుంటాను. ఆ తర్వాత కత్తెర కనపడలేదని నన్ను ఎవరూ పిలవరు. మొదటి వారం నమ్మబుద్ధి కాక రెండుసార్లు వెనక్కి వెళ్లి చూసొచ్చాను. పదహారేళ్లు చేసిన ఇంటి డ్యూటీ అప్పగించడానికి ఎవరూ ఉండేవారు కాదు మరి. ఆయన కళ్లజోడు, అత్తయ్య మాత్రలు, కరెంటు బిల్లు, ఆడపడుచు పిల్లల పుట్టినరోజులు, అన్నిటికీ చీటీని నేనే.

ఫోన్ వచ్చింది భోజనాల వేళ. నా కోటు జేబులో ఒక కాగితం మడత పెట్టి ఉంది. ఇంకో రెండేళ్లు ఉంటావా, వెళ్లిపోతావా, సాయంత్రంలోగా రాసివ్వమంది మా పెద్ద నర్సు. “ఒక్క ఏడాదన్నావు, అయిపోవచ్చింది, చాలు” అని ఆయన ఎప్పుడో తేల్చేశాడు. “నువ్వక్కడున్నా నీ ప్రాణమంతా ఇక్కడే కొట్టుకుంటుంటుంది కదమ్మా” అంటుంది అత్తయ్య వారం వారం. అవునత్తయ్యా అంటాను. పచ్చి అబద్ధం. ఏమీ కొట్టుకోవడం లేదు. కడుపునిండా తిని హాయిగా నిద్రపోతున్నాను. ఆ హాయికే సిగ్గేసి, వెళ్లిపోతానని రాసేద్దామని పొద్దున్నే నిశ్చయించుకున్నాను.

“ఉన్నావా? నీళ్లు మరిగిపోతున్నాయి!”

అలవాటుగా కళ్లు మూసుకున్నాను. ఇదివరకైతే మూసుకోగానే వంటిల్లు మొత్తం కనిపించేది, ఏ డబ్బా వెనక ఏముందో సహా. ఈసారి మూడో అర, ఏడో సొరుగు, సన్న కత్తెరలు కనిపించాయి. వంటిల్లు రాలేదు. అసలు స్టవ్ కిటికీ పక్కనా, తలుపు పక్కనా? భయమేసింది. సొంతిల్లు మరిచిపోయిన ఆడదాన్ని ఏమంటారో నాకు తెలుసు. అనేవాళ్లంతా నా చుట్టాలే.

“గుర్తులేదండీ.”

“అదేమిటి? పదహారేళ్లు ఏలిన వంటిల్లు గుర్తులేదా?”

ఏలానట! ఏ రాణి జల్లెడలు వెతికిపెట్టింది? అప్పటిదాకా ఉన్న భయం కాస్తా ఒళ్లుమంటగా మారింది. నేను మరిచిపోయింది ఇంటిని కాదు, డ్యూటీని. పదకొండు నెలల కిందటే దిగాల్సింది, ఇవాళ దిగాను.

“వెతుక్కోండి” అన్నాను.

“నేనా?”

“మీరే. నేను లైన్లోనే ఉంటాను.”

గిన్నెలు ఖంగుఖంగున మోగాయి. వెనకనుంచి అత్తయ్య ఏదో అంటోంది. నేను కాగితం బల్లమీద పరిచి, పక్కావిడ పెన్ను అడిగి తీసుకున్నాను. రాయడానికి ఎంతోసేపు పట్టలేదు.

“దొరికింది” అన్నాడు ఆయన, ఆయాసపడుతూ.

“ఎక్కడుంది?”

“ఇక్కడే... ఎదురుగా. మేకుకి వేలాడుతోంది.”

“మళ్లీ అక్కడే తగిలించండి” అన్నాను, పెన్ను మూత పెడుతూ. “ఇంకో రెండేళ్లు మీరే తీసుకోవాలి.”