నెత్తి మీద జావకుండ

అబూజా నైజీరియాకు రాజధాని అయిన రోజును బడిలో పండుగలా జరుపుతారు. ఈసారి పిల్లలంతా నగర చరిత్రను అట్ట మీద రాయాలన్నారు, ఇంటి నుంచి ఏదైనా వంట తెమ్మన్నారు. లరబా అట్ట రాయడం పూర్తిచేసింది. ముందురోజు సాయంత్రం అవ్వ దగ్గర నసుగుతూ నిలబడింది.

"అవ్వా, రేపు జావకుండ భుజం మీద పెట్టుకోకు. నెత్తిన పెట్టుకుని రా."

అవ్వ చేట పక్కన పెట్టింది. అవ్వది గ్బాగీ తెగ, ఆ తెగ ఆడవాళ్లు నెత్తిన బరువు మోయరు, భుజానే మోస్తారు. ఒంటికంతటికీ తలే పెద్దదిక్కు, దాని మీద బరువు పెట్టకూడదని వాళ్ల పట్టింపు.

"నా తల మీదా?"

"అందరూ అలాగే మోస్తారు. నువ్వు భుజాన పెట్టుకొస్తే పిల్లలు నవ్వుతారు."

"నవ్వితే నవ్వనీవే, వాళ్ల పళ్లు వాళ్లిష్టం" అంది అవ్వ. మళ్లీ చేట అందుకుంటూ, "సరేలే, నీ కోసం" అంది.

మర్నాడు అవ్వ బడి గేటులోంచి రెండు చేతులతో కుండను పట్టుకుని, కొత్తగా నడక నేర్చిన పిల్లలా వచ్చింది. జొన్న జావ తొణికి నుదుటి మీంచి చెంపలకు కారుతోంది.

"ఎవరే ఆవిడ, జావతో స్నానం చేసిందా?" అంది తరగతిలోని ఇబిసో.

అందరూ నవ్వారు. లరబా కూడా నవ్వింది.

ఇంతలో టీచరమ్మ లరబాను అట్ట చదవమంది. పాఠంలోంచి ఎత్తి రాసిందే: ఒకప్పుడు ఇదంతా ఉత్త అడవి, ఇక్కడ ఎవరూ ఉండేవారు కాదు, ఖాళీ చోటు కనుకే రాజధాని కట్టారు.

సరిగ్గా ఈ బడి ఉన్నచోటే అవ్వ ఇల్లుండేది. రాజధాని కడతామంటూ సర్కారు వాళ్లు తనను తిరగలి, కోళ్లతో సహా లారీ ఎక్కించి నగరం అవతలి కుబ్వాకు పంపిన సంగతి అవ్వ ఎన్నోసార్లు చెప్పింది. రాసేటప్పుడు లరబాకు అదేమీ గుర్తు రాలేదు. ఇప్పుడు, జావ కారుతున్న ఆ ముఖం ఎదురుగా ఉంటే, అంతా గుర్తొచ్చింది. అయినా చివరిదాకా చదివింది.

చప్పట్లు కొట్టారు. ఇంగ్లిషు రాని అవ్వ కూడా కొట్టింది.

"ఏం రాశావే?"

"మన ఊరి గురించే, అవ్వా."

"మన ఇల్లెక్కడుండేదో రాశావా?"

"రాశాను."

అవ్వ ముఖం విప్పారింది. జావ అందరికీ పోసింది. ఖాళీ అయిన కుండను మళ్లీ నెత్తికెత్తుకుని, రెండు చేతులతో పట్టుకుని, అడుగులో అడుగు వేస్తూ గేటు వైపు నడిచింది. ఇక భుజాన పెట్టుకో అవ్వా అని పిలవాలనుకుంది లరబా. పక్కన ఇబిసో ఉంది. పిలవలేదు.